వెలికొండలలో మూడు దినములు



దివిసీమలో పుట్టి పెరిగినవారికి కొండ అనేది పుస్తకములో బొమ్మ మాత్రమే. మా ఊళ్లలో నేలను ఎంత తవ్వినా పైన బంకమన్ను, ఆ క్రింద ఇసుక, ఆ క్రింద ఉప్పునీరు. ఇంటి పునాదికి రాయి కావాలంటే బెజవాడ వైపు నుండి లారీలో రావలసిందే. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చిన రాత్రి, ఎక్కి ప్రాణము దక్కించుకొనడానికి ఒక్క మిట్ట అయినా లేక వేలమంది కొట్టుకొనిపోయారు. తాటిచెట్టు పట్టుకొన్నవారు, మేడ ఎక్కినవారు మిగిలారు. మేము ఆ తరువాత పుట్టినవారము. అయినా చిన్నతనములో గాలి గట్టిగా వీచినప్పుడల్లా మా అమ్మగారు, "మనకూ ఒక కొండ ఉంటే ఎంత బాగుండేదిరా" అనేవారు. అందుచేత కొండ అంటే మాకు భయముతో కూడిన ప్రేమ.

పోయిన సంక్రాంతి సెలవులలో మూడు దినములు వెలికొండలలో గడిపే భాగ్యము మాకు కలిగినది. అక్కడ మేము ఒక చిన్న ప్రాణిని చూశాము. దాని సంగతి వ్రాయాలనే ఈ వ్యాసము మొదలుపెట్టాము. కాని అంతకు రెండు నెలల ముందు మా ఊరిలో జరిగినదానిని చెప్పకుండా కొండ సంగతి మాత్రమే చెబితే అది న్యాయము కాదు. కాబట్టి ముందు అదే చెబుతాము.

మైకులో మా మాట

మా సంఘము నాగాయలంక వైపు ఒక చిన్న ఊరిలో ఉన్నది. ఒకప్పుడు వరి పండిన పొలాలు చాలా వరకు ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఊరి చివర కరకట్ట, దానికి ఆవల మడ అడవి. నవంబరు నెలలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు చెరువు కాపలా కుర్రవాడు ఒకడు పరుగెత్తుకొని వచ్చి, "అయ్యగారూ, గట్టు మీద పులి ఉందండి. మచ్చలు కనబడ్డాయి. కళ్లు టార్చిలైటులో నిప్పుల్లా మండుతున్నాయి" అన్నాడు. మాది పులిగడ్డ వంతెన దాటి వచ్చే సీమ. ఊరి పేరులో తప్ప మేము పులిని ఎరుగము. పిల్లలున్న ఊరు. మేము మరొక ఆలోచన లేకుండా మందిరము మైకు పెట్టి, "పులి తిరుగుచున్నది, ఎవరూ పిల్లలను బయటకు పంపవద్దు" అని రెండుసార్లు చెప్పాము.

అప్పటికి మందిరము అరుగు మీద యానాదుల పాలెము నుండి వచ్చిన తాత ఒకడు కూర్చొని ఉన్నాడు. పొలము ఎలుకలు, పీతలు పట్టి బ్రతికే మనిషి. ఆయన లేచి, "అయ్యగారూ, అది పులి గాదండి. బావురుపిల్లి. చేపలకొచ్చింది. లైట్లు తీసేస్తే దాని దోవన అది పోద్ది" అన్నాడు. మేము, "నువ్వుండు తాతా" అన్నాము.

అరగంటలో నలభైమంది కర్రలతో, బరిసెలతో గట్టు చుట్టూ చేరారు. తెల్లవారేసరికి ఆ ప్రాణి మందిరము ముందు గోనెసంచి మీద పడి ఉన్నది. పెంపుడు పిల్లికి రెండింతలు ఉన్నది. బూడిదరంగు వెంట్రుకలు, వరుసలుగా నల్లని మచ్చలు, పొట్టి తోక. ముందరి కాలి వేళ్ల నడుమ బాతు కాలికి ఉన్నట్లు కొంచెము పొర ఉన్నది. పులికి అటువంటిది ఉండదని మాకు కూడా అప్పుడు తెలిసినది.

మధ్యాహ్నము అటవీ ఉద్యోగులు వచ్చి వివరాలు వ్రాసుకొన్నారు. అది బావురుపిల్లి అనీ, కొందరు నీటిపిల్లి అంటారనీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో పులికి ఎంత రక్షణ ఉన్నదో దీనికీ మొదటి షెడ్యూలులో అంతే రక్షణ ఉన్నదనీ చెప్పారు. చేపలు, పీతలు, ఎలుకలు, పాములు దాని ఆహారము. మనిషి మీదికి వచ్చే ప్రాణి కాదు. కృష్ణానది సముద్రములో కలిసే చోట సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవిని 1989లో ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించినది. ఆ అడవికి ఈ పిల్లియే పేరు తెచ్చినది. ఇన్ని సంవత్సరాలు దాని ప్రక్కన కాపురముండి మేము దానిని ఎరుగము.

మొదటి దెబ్బ వేసినది మా యౌవనస్థుల కూటములోని తమ్ముడే. ఊరిలో అందరూ అతనిని మెచ్చుకొన్నారు. రెండవ దినము నుండి అతడు మందిరానికి రావడము మానివేశాడు. అడిగితే, "దాని పొట్టలో చేపలు తప్ప ఏమీ లేవటండి" అని మాత్రము అన్నాడు. కర్ర అతని చేతిలో ఉన్నది కాని, మైకు మా చేతిలో ఉన్నది. ఆ సంగతి ఊరిలో ఎవరూ అనలేదు. మాకు మాత్రము తెలుసు.

ప్రయాణము

వేదాంత విద్యలో మాతో కలిసి డిప్లొమా చదివిన సహోదరుడు ఒకరు రాపూరు దగ్గర పల్లెలో చిన్న సంఘమును కాయుచున్నారు. సంక్రాంతి సెలవులకు రమ్మని ఎప్పటినుండో పిలుపు. ఈసారి బయలుదేరాము. మేమిద్దరమూ, మాతో ఆ తమ్ముడు. అతనిని బ్రతిమాలి తీసుకొని వెళ్లాము. గుడివాడలో ఇంకొకరు కలిశారు. ఆయన బందరు నోబుల్ కళాశాలలో చదివి, గుడివాడలో జంతుశాస్త్రము బోధించే మాష్టారు. 1843లో మిషనరీలు బందరులో ఆరంభించిన ఆ విద్యాలయము నుండి వచ్చినవారు మా వైపు ప్రతి ఊరిలో ఒకరైనా ఉంటారు. ఈయన మాకు దూరపు బంధువు కూడా.

గుడివాడ దాటాక రైలు కిటికీలో నుండి చూస్తే ఎటు చూసినా నీళ్లే. చెరువుల మీద తిరిగే చక్రాలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. రాత్రి నిద్రలో కృష్ణ దాటాము, ఒంగోలు దాటాము. తెల్లవారేసరికి నెల్లూరు. అక్కడ టిఫిను చేసి రాపూరు బస్సు ఎక్కాము. గంట గడిచాక మా గృహిణి కిటికీ వైపు చూసి, "మబ్బు పట్టినట్లుంది, వాన వస్తుందేమో" అన్నది. మాష్టారు నవ్వి, "అమ్మగారూ, అది మబ్బు కాదు, వెలికొండ" అన్నారు. పడమటి దిక్కున ఆకాశానికి ఆనుకొని నీలిరంగు గోడ. దగ్గరకు వెళ్లేకొద్దీ నీలము పచ్చగా మారి, పచ్చలో నుండి ఎర్రని రాతి చరియలు బయటపడ్డాయి. మా తమ్ముడు ఆ ఉదయము మొదటిసారి నోరు తెరచి, "ఎంత ఎత్తుంటుందండీ?" అని అడిగాడు. కొన్ని శిఖరాలు మూడు వేల అడుగులకు పైబడి ఉంటాయని మాష్టారు చెప్పారు. నెల్లూరు, కడప సీమల నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ వరుస తూర్పు కనుమలలో ఒక భాగము.

మొదటి దినము సంఘములో కూడిక. రెండవ దినము ఉదయము రాపూరు నుండి చిట్వేలి వెళ్లే కనుమ దారిలో కొంతదూరము వెళ్లి, అక్కడ దిగి నడిచాము. దారి చూపడానికి ఆ సంఘములోని పెద్దాయన ఒకరు వచ్చారు. ఆయన కూడా యానాది. తేనె తీయడములో, వేరుమందులు తేవడములో జీవితమంతా కొండలోనే గడిపినవాడు. కాళ్లకు చెప్పులు లేవు. రాయి మీద రాయి ఎక్కుతుంటే మేము ఆయాసపడ్డాము గాని ఆయన పాట పాడుకొంటూ ముందు నడిచాడు. సమతలము మీద బ్రతికినవారి కాళ్లకు కొండ ఎక్కడము వేరే విద్య అని మాకు అర్థమయింది.

ఉడుత కాని ఉడుత

ఎండ ఎక్కక ముందు ఒక బండరాయి నీడలో కూర్చొని మంచినీళ్లు త్రాగుచుండగా, ఎదుటి రాళ్ల మధ్య ఏదో కదిలినది. జానెడు శరీరము, దాదాపు అంతే పొడవు తోక. గోధుమరంగు వీపు, భుజము మీద ఏటవాలుగా తెల్లని గీత. రాతి సందులలో ముక్కు పెట్టి, ఆకులు త్రోసి, ఏదో పట్టి రెండు చేతులతో పట్టుకొని తినుచున్నది. మేము, "అదిగో కొండ ఉడుత" అన్నాము.

పెద్దాయన మెల్లగా, "ఉడుత గాదయ్యా. మూతి చూడండి. ఉడుత గింజ కొరుకుద్ది. ఇది రాళ్ల కింద పురుగులు ఏరుకుంటది. చెట్టు మీద కంటే నేల మీదే ఎక్కువ తిరుగుద్ది" అన్నాడు.

"నువ్వుండు" అనే మాట మా నాలుక చివరి వరకు వచ్చినది. మా తమ్ముడు మా వైపు చూశాడు. ఆ మాట మేము మ్రింగివేశాము.

మాష్టారు మాత్రము దుర్భిణి కళ్ల దగ్గర నుండి తీయలేదు. చాలాసేపటికి దానిని మా చేతికిచ్చి, "పెద్దాయన చెప్పినది నిజము. సన్నని పొడుగు మూతి. ఉడుతకు ఉన్నటువంటి పొడవు మీసాలు లేవు. ఇది ఉడుత జాతి కానే కాదు. ఎలుకలకూ ఉడుతలకూ సంబంధము లేని వేరే వంశము. మనము కూర్చున్న ఈ కొండలలోనే మొట్టమొదట లోకానికి దీని సంగతి తెలిసినది" అన్నారు. ఆయన కంఠము కొంచెము వణికినది. ముప్పై సంవత్సరాలు పాఠము చెప్పిన ప్రాణిని ఆయన కూడా అదే మొదటిసారి చూడడము.

దొరగారు విన్న మాటలు

ఆ రాత్రి పల్లెలో మంచము మీద కూర్చొని మాష్టారు చెప్పిన సంగతులు మా చదువరులకు కూడా ఉపయోగమని ఇక్కడ వ్రాయుచున్నాము.

వాల్టరు ఇలియట్ అనే స్కాట్లాండు దేశస్థుడు 1803లో పుట్టాడు. కుంఫిణీ కొలువులో మద్రాసు రాజధానికి వచ్చి, 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్నాడు. మన బందరు కూడా ఆ సర్కారులలోనిదే. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకు పంపినది కూడా ఈయనే. కచేరీ పని అయిపోగానే చెట్లను, పక్షులను, చేపలను, పాత నాణేలను పరిశీలించేవాడు. మొక్కలకు తెలుగువారు పెట్టుకొన్న పేర్లను పోగుచేసి 1859లో ఒక పుస్తకము అచ్చువేయించాడు. ముసలితనములో చూపు పోయినా దక్షిణ దేశపు నాణేల మీద గ్రంథము పూర్తిచేసి 1887లో మరణించాడు.

కడప, నెల్లూరు నడుమ కొండలలో దొరికిన ఈ చిన్న ప్రాణిని ఆయన లండనుకు పంపించాడు. అక్కడ వాటర్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు దాని చర్మమును, పుర్రెను, పళ్లను అంతకుముందు తెలిసినవాటితో సరిచూసి, ఇది క్రొత్త జాతి అని నిర్ణయించాడు. 1850లో ఆ వర్ణన అచ్చయినది. పంపినవాని పేరుమీద దానికి ఇలియటి అని పేరు పెట్టారు. ఇటువంటి ప్రాణులు మలయా, సుమత్రా వంటి తూర్పు ప్రాంతాలలో ఎక్కువ. మన ద్వీపకల్పములో ఉన్నది ఈ ఒక్కటే. 1913లో లయన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేక ప్రజాతిగా విడదీసి అనాథానా అన్నాడు. ఈ మాట విని మేము 'అనాథ' అనుకొన్నాము. అది కాదట. తమిళ కొండలవారు దీనిని 'వెదురు ఉడుత' అనే అర్థము వచ్చే పేరుతో పిలుస్తారు. ఆ తమిళ పేరు నుండి తీసుకొన్నది. అనగా చెప్పులు లేకుండా కొండ ఎక్కే మనిషి పిలుపే శాస్త్రగ్రంథములో నిలిచినది.

మన తెలుగు పేరుకు కూడా అటువంటి గౌరవము ఒకసారి దక్కినది. ఇలియటు దొర విశాఖపట్టణము రేవులో బెస్తవారు తెచ్చిన సముద్రపు క్షీరదములను కూడా పరీక్షించి బొమ్మలు వేయించి పంపాడు. లండనులో రిచర్డ్ ఓవెన్ 1866లో వాటిని వర్ణించాడు. 1852లో విశాఖ రేవులో దొరికిన గుండ్రని తల డాల్ఫిను వాటిలో ఒకటి. ఇప్పుడు చిలక సరస్సులో జనము పడవలెక్కి వెళ్లి చూచేది ఆ జాతినే. వాల్తేరు ఒడ్డున దొరికిన పొట్టి తిమింగలము ఇంకొకటి. వేరొక డాల్ఫినుకు ఓవెన్ పెట్టిన పేరు 'గదము'. అది మన బెస్తవారు వాడిన మాటే. తరువాతివారు అది అంతకుముందే తెలిసిన జాతి అని తేల్చడముతో ఆ పేరు నిలువలేదు. నిలువకపోయినా, వలలాగేవాని మాటను విని వ్రాసుకొన్నారు గదా!

కొండలు కూడా లంకలే

"ఇప్పుడు కూడా క్రొత్త జంతువులు దొరుకుతాయా మాష్టారూ? అన్నీ అయిపోలేదా?" అని మా తమ్ముడు అడిగాడు. రెండు నెలల తరువాత అతడు తనంతట తాను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అది.

మాష్టారు లెక్క చెప్పారు. పాలిచ్చి పిల్లలను పెంచే ప్రాణులు ప్రపంచములో 5,416 జాతులని 2005లో పండితులు లెక్కకట్టారు. 2018లో మళ్లీ లెక్కవేస్తే 6,495 అయినవి. ఇందులో చాలా భాగము ఒకటే అనుకొన్నవి రెండు మూడు జాతులని తేలడము వలన పెరిగినదే. అచ్చముగా క్రొత్తగా కనుగొన్నవి కూడా తక్కువేమీ కాదు. వాటిలో ఎన్నో వెచ్చని దేశాల ఎత్తైన కొండలలో దొరికినవే.

ఎందుకు కొండలలోనే అంటే, దివిసీమవారికి తేలికగా అర్థమయ్యే కారణము చెప్పారు. మనకు నది నడుమ లంకలున్నట్లే, వేడి మైదానము నడుమ చల్లని కొండకొమ్ములు లంకలవంటివి. చల్లదనానికి, మంచుకు అలవాటుపడిన ప్రాణి క్రిందికి దిగి మైదానము దాటి ఎదుటి కొండకు వెళ్లలేదు. వేల, లక్షల సంవత్సరాలు అక్కడే ఉండిపోయి, తన బంధువుల నుండి వేరై, వేరొక జాతి అవుతుంది. మనుష్యులు కష్టపడి ఎక్కితే తప్ప కనబడదు.

మన ప్రక్కనే తమిళనాడులో ఒక కథ ఉన్నది. 1948లో తేనిజిల్లా వైపు ఎత్తుకొండలలో హట్టన్ అనే తేయాకు తోటల దొర ఒక గబ్బిలమును పట్టి బొంబాయి మ్యూజియమునకు పంపాడు. అక్కడ అది మామూలు పండ్ల గబ్బిలము అని చీటీ కట్టి పెట్టెలో పెట్టారు. 24 సంవత్సరాల తరువాత, 1972లో, థాయిలాండు నుండి వచ్చిన శాస్త్రజ్ఞుడు కిట్టి తొంగ్లోంగ్యా దానిని తెరచి చూసి, లోకములో మరెక్కడా వర్ణింపబడని జాతి అని కనుగొన్నాడు. దానికి మన పక్షి శాస్త్రజ్ఞుడు సలీం ఆలీ పేరు పెట్టారు.

వియత్నాం కొండలలో 1992లో పరిశోధకులు వేటగాళ్ల ఇళ్లలో నిటారుగా ఉన్న పొడవైన కొమ్ముల జతలు చూశారు. అవి ఏ జంతువువో పుస్తకాలలో లేదు. వేటగాళ్లకు మాత్రము బాగా తెలుసు. అది సావోలా. 1993లో దానిని వర్ణించారు. అంత పెద్ద జంతువు బయటపడడము శతాబ్దానికి ఒకటి రెండుసార్లు జరిగేది. అడవిలో కెమెరాకు అది చివరిసారి చిక్కినది 2013లో. 2005లో మన అరుణాచల్ ప్రదేశ్ తవాంగు ప్రాంతపు కొండలలో ఒక కోతి జాతిని భారతీయ శాస్త్రజ్ఞులే వర్ణించి, అక్కడి మోన్పా ప్రజలు పిలిచే 'మున్‌జాలా' అనే పేరునే దానికి పెట్టారు. 2013లో దక్షిణ అమెరికాలోని కొలంబియా, ఈక్వడార్ మబ్బు కొండలలో ఒలింగితో అనే ప్రాణి బయటపడినది. వింత ఏమిటంటే, దాని చర్మాలు ఎన్నో ఏండ్లుగా మ్యూజియము సొరుగులలో ఉన్నాయి. ఒకటి కొంతకాలము అమెరికా జంతుప్రదర్శనశాలలలో బ్రతికే ఉన్నది. వేరే జాతి అనుకొని, జత కుదర్చాలని చూశారు. అది కుదరలేదు. పాపము, అది వేరొక జాతి అని ఎవరికీ తెలియదు!

మేము ఈ మాటలన్నీ విని ఊరుకొన్నాము. కొంతసేపటికి మా తమ్ముడు, "అయితే క్రొత్తది అంటే మనకు క్రొత్త. అంతేనా మాష్టారూ?" అన్నాడు.

"అంతే బాబూ. అక్కడివాడికి అది ఎప్పుడూ పాతదే" అన్నారు మాష్టారు.

ఆది తోటలో మొదటి మానవునికి అప్పగింపబడిన పనులలో ఒకటి ప్రాణులకు పేర్లు పెట్టడమని మనము ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతాము. మేము కూడా ఎన్నోసార్లు చెప్పాము. పేరు పెట్టాలంటే ముందు దానిని దగ్గరగా చూడాలి. మేము మచ్చలను మాత్రమే చూసి, 'పులి' అని తప్పుడు పేరు పెట్టాము. ఆ తప్పుడు పేరే దానిని చంపినది. సరియైన పేరు మా అరుగు మీదే కూర్చొని ఉన్నది. మేము "నువ్వుండు" అన్నాము. ఆ రాత్రి ఈ సంగతిని మా సహోదరుని ముందు, మాష్టారి ముందు, ఆ తమ్ముని ముందు ఒప్పుకొన్నాము. తమ్ముడు ఏమీ అనలేదు. లేచి వెళ్లి మాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన మొదటి ఆదివారము మేము అదే మైకు ముందు నిలబడి, ఆ రాత్రి చెప్పినది తప్పు అని చెప్పాము. తాతను పిలిచి క్షమాపణ అడిగాము. ఆయన సిగ్గుపడి, "పోనీండి అయ్యగారూ, మీకు తెలవదు గదా" అన్నాడు. తెలియకపోవడము తప్పు కాదు. తెలిసినవాడు చెప్పగా వినకపోవడము తప్పు.

తరువాత రెండు మూడు ఆదివారాలు సాయంత్రము తాత మా పిల్లలను కరకట్ట మీదికి తీసుకొనిపోయాడు. అడవి లోపలికి కాదు, అంచు వరకే. బురదలో నీటికుక్కల అడుగులు ఏవో, నక్కవి ఏవో, బావురుపిల్లివి ఏవో చూపించాడు. అది నీళ్ల ఒడ్డున కదలకుండా కూర్చొని, పంజాతో చేపను ఎలా ఎగరగొడుతుందో ఆయన చేతితో చూపిస్తే పిల్లలు విరగబడి నవ్వారు. మా గృహిణి ఆ పేర్లన్నీ ఒక పెద్ద అట్ట మీద వ్రాసి ఆదివారపు బడి గోడకు తగిలించినది. మడ చెట్లను చూపిస్తూ తాత, ఉప్పెన నాడు ఈ అడవి దట్టముగా ఉన్న చోట నీటి దెబ్బ కొంత తగ్గినదని తన తండ్రి చెప్పిన మాట చెప్పాడు. కొండ లేని మాకు ఆ అడవే కొండ అని అప్పుడు తోచినది.

అంతా చక్కబడినదని వ్రాయలేము. సంఘములో చెరువులు ఉన్నవారు లేచి, "అయ్యగారూ, అప్పు చేసి పిల్ల చేప వేశాము. పిల్లి తింటే ఎవరు ఇస్తారు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. మా దగ్గర డబ్బు లేదు, జవాబు లేదు. యౌవనస్థులు మాత్రము పాత వలలు పోగుచేసి, అడవి వైపున్న మూడు చెరువుల గట్లకు కంచెలాగా కట్టారు. ఆ పనికి ముందు నిలిచినవాడు మా తమ్ముడే. ఇంకా నాలుగు చెరువులు మిగిలి ఉన్నాయి.

మార్చి నెలలో ఒక రాత్రి పది గంటలకు ఫోను మ్రోగినది. "అయ్యగారూ, మళ్లీ వచ్చింది" అన్నాడు తమ్ముడు. మేము మైకు గది తాళము తీయలేదు. తాతను లేపుకొని వెళ్లాము. వల కట్టని చెరువు గట్టు మీద, తుంగ ప్రక్కన అది కూర్చొని ఉన్నది. చెరువు యజమాని కర్ర పట్టుకొని మా వెనుక నిలబడ్డాడు. తాత టార్చిలైటు ఆర్పమన్నాడు. ఆర్పాము. వెన్నెలలో దాని వీపు మాత్రము కనబడినది. చాలాసేపటికి నీళ్లలో ఒక్క చప్పుడు. తరువాత గడ్డి కదిలినది. అది అడవి వైపు వెళ్లిపోయినది.

"ఎన్ని పట్టుకుంది?" అని అడిగాడు యజమాని.

"ఒకటే. జెల్ల" అన్నాడు తాత.

యజమాని కాసేపు ఊరుకొని, "రేపు మా చెరువుకు కూడా వల కట్టండ్రా" అని మా తమ్మునితో చెప్పి, కర్ర భుజాన వేసుకొని ఇంటికి వెళ్లాడు.